పేజీ భాగాలతో వెబ్‌సైట్ కట్టడం, మధ్యలో కంప్యూటర్ పెట్టే తిప్పలు: తరచుగా అడిగే ప్రశ్నలు

షాపు కోసమో, బడి కోసమో, ఊరి గ్రంథాలయం కోసమో మొదటిసారి వెబ్‌సైట్ చేసుకుంటున్నవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే సందేహాలను ఇక్కడ ఒకచోట పెట్టాను. ఉదాహరణలు ఒక చిన్న చేనేత చీరల షాపు సైట్‌వి. కోడ్ తప్పేమో అని తల పట్టుకున్న సందర్భాల్లో చాలావరకు అసలు చిక్కు ఫైలు పేరులోనో, బ్రౌజర్ దాచుకున్న పాత కాపీలోనో, ఫాంటులోనో ఉంటుంది. అందుకే వెబ్‌సైట్ ప్రశ్నలనూ కంప్యూటర్ ప్రశ్నలనూ విడదీయలేదు. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

నాకు ప్రోగ్రామింగ్ రాదు. అయినా వెబ్‌సైట్ చేయగలనా?

చేయగలరు. పేజీలో ఏముందో చెప్పేది హెచ్‌టీఎమ్‌ఎల్, అది ఎలా కనిపించాలో చెప్పేది సీఎస్‌ఎస్. శీర్షిక, పేరా, లింకు, బొమ్మ, జాబితా, వీటి ట్యాగులు చేతికి అలవాటైతే షాపు సైట్ సగం అయినట్టే. పేజీకి కదలిక తెచ్చే ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్, దాన్ని అవసరం పడినప్పుడు చూసుకోవచ్చు.

కాంపొనెంట్ అంటారు కదా, అసలు ఏంటది?

ఒకసారి రాసి, కావలసిన ప్రతి పేజీలోనూ వాడుకునే ముక్క. షాపు పేరు, మెనూ ఉన్న పై పట్టీ హెడర్. చిరునామా, ఫోన్ నంబర్ ఉన్న కింది పట్టీ ఫుటర్. ఫొటో, చీర పేరు, ధర, వాట్సాప్ బటన్ ఉన్న పెట్టె కార్డు. హెడర్, ఫుటర్ ఏ పేజీలోనైనా ఒకేలా ఉంటాయి. కార్డు అలా కాదు, దాని ఆకారం ఒకటే, లోపలి వివరాలు మారుతుంటాయి. ఈ తేడా బుర్రకెక్కితే మిగతాదంతా సులువు.

ఫోన్ నంబర్ మారింది. ఇరవై పేజీలూ తెరిచి మార్చాలా?

ఫుటర్‌ను ప్రతి పేజీలో కాపీ పేస్ట్ చేసి ఉంటే మార్చక తప్పదు. ఎంత జాగ్రత్తగా చేసినా ఏదో ఒక పేజీ మిగిలిపోతుంది, కస్టమర్ ఆ పాత నంబర్‌కే ఫోన్ చేస్తాడు. ప్రస్తుతానికి గట్టెక్కాలంటే విజువల్ స్టూడియో కోడ్ అనే ఎడిటర్‌లో ఆ ఫోల్డర్ తెరిచి కంట్రోల్, షిఫ్ట్, హెచ్ కలిపి నొక్కండి. ఫోల్డర్ మొత్తంలో వెతికి ఒకేసారి మార్చేస్తుంది. శాశ్వతంగా వదిలించుకోవాలంటే ఫుటర్‌ను విడి ఫైలు చేసి, పేజీలన్నీ దాన్నే పిలిచేలా పెట్టుకోండి.

అందరూ రియాక్ట్ అంటున్నారు. నేర్చుకోవాలా?

ఉద్యోగం కోసమైతే తప్పకుండా నేర్చుకోండి. చీరల షాపు సైట్ కోసమైతే అక్కర్లేదు. రియాక్ట్ అనేది తెర మీది భాగాలు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ, దాన్ని ఫేస్‌బుక్ 2013లో అందరికీ అందుబాటులోకి తెచ్చింది. వాడేవాళ్లు నొక్కే ప్రతిదానికీ తెర మారుతూ ఉండే అప్లికేషన్లకు అది బాగా పనికొస్తుంది. నెలకోసారి నాలుగు కొత్త చీరలు చేర్చే సైట్‌కు అంత సరంజామా ఎందుకు? హెచ్‌టీఎమ్‌ఎల్ వచ్చినవాళ్లకు స్టాటిక్ సైట్ జనరేటర్ చాలు అన్నది నా గట్టి అభిప్రాయం.

స్టాటిక్ సైట్ జనరేటర్ ఏం చేస్తుంది? ఏది ఎంచుకోవాలి?

మీరు విడివిడిగా రాసిన ముక్కలను మీ కంప్యూటర్‌లోనే కలిపి, పూర్తి పేజీలుగా తయారుచేసి పెడుతుంది. చూసేవాళ్ల ఫోన్‌కు వెళ్లేది మామూలు హెచ్‌టీఎమ్‌ఎల్ పేజీ. సర్వర్‌లో డేటాబేస్ ఉండదు కాబట్టి హ్యాకింగ్ భయం తక్కువ, సిగ్నల్ సరిగా లేని ఊళ్లోనూ పేజీ త్వరగా తెరుచుకుంటుంది. 2008లో వచ్చిన జెకిల్, ఆ తర్వాత వచ్చిన హ్యూగో, ఎలెవెంటీ, ఆస్ట్రో అన్నీ ఈ కోవవే. హెచ్‌టీఎమ్‌ఎల్‌తో మొదలుపెట్టేవాళ్లకు ఎలెవెంటీ తేలిగ్గా పట్టుబడుతుంది. దానికి ముందుగా, జావాస్క్రిప్ట్‌ను బ్రౌజర్ బయట నడిపే నోడ్ ఇన్‌స్టాల్ చేసుకోవాలి. నోడ్‌లో ఎల్‌టీఎస్, అంటే ఎక్కువకాలం సపోర్ట్ ఉంటుందని రాసి ఉన్న వెర్షన్ తీసుకోండి.

వర్డ్‌ప్రెస్ పెట్టుకుంటే పోదా?

కోడ్ జోలికి రాని ముగ్గురు నలుగురు రోజూ ఏదో ఒకటి చేర్చే సైట్ అయితే, బ్రౌజర్‌లోనే రాసి ప్రచురించుకునే వర్డ్‌ప్రెస్సే మంచిది. అందులోనూ ఒకచోట మారిస్తే అన్నిచోట్లా మారే ముక్కలు ఉన్నాయి. రీయూజబుల్ బ్లాక్స్ అనేవాటిని 2023లో వచ్చిన 6.3 వెర్షన్ నుంచి సింక్డ్ ప్యాటర్న్స్ అంటున్నారు. కాకపోతే వర్డ్‌ప్రెస్‌నూ ప్లగిన్లనూ ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసే మనిషి ఉండాలి. ఆ బాధ్యత ఎవరిదో తేలకుండా మొదలుపెట్టకండి.

## భాగాలుగా విడగొట్టేటప్పుడు

ఎలెవెంటీలో హెడర్, ఫుటర్ ఎక్కడ పెట్టాలి?

ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో ఇన్‌క్లూడ్స్ అనే ఫోల్డర్ చేయండి. దాని పేరు ముందు అండర్‌స్కోర్ ఉండాలి. అందులో మూడు ఫైళ్లు పెట్టుకోండి: హెడర్, ఫుటర్, బేస్. బేస్ ఫైలులో పేజీ చట్రం మొత్తం ఉంటుంది. పైన హెడర్‌ను కలుపుకునే లైను, కింద ఫుటర్‌ను కలుపుకునే లైను, మధ్యలో కంటెంట్ అనే ఖాళీ. ఇక మా గురించి అనే పేజీలో మొదట మూడు హైఫన్ల గీత, దాని కింద లేఅవుట్‌గా బేస్ పేరు, పేజీ టైటిల్, మళ్లీ మూడు హైఫన్ల గీత. ఆ తర్వాత రాసిందంతా చట్రంలోని ఖాళీలోకి వెళ్లి కూర్చుంటుంది. ఎలెవెంటీ కమాండ్ నడిపాక పూర్తయిన పేజీలు అండర్‌స్కోర్ సైట్ అనే ఇంకో ఫోల్డర్‌లో తయారవుతాయి. ఆ ఫోల్డర్‌లో చేత్తో మార్పులు చేయకండి, మళ్లీ నడపగానే వాటి మీద కొత్త కాపీ పడిపోతుంది.

లేఅవుట్ పెట్టాక పేజీలో ట్యాగులే అక్షరాలుగా కనిపిస్తున్నాయి. ఎందుకు?

ఎలెవెంటీలో వాడుకునే టెంప్లేట్ భాషల్లో నన్‌జక్స్ ఒకటి. ఆ టెంప్లేట్లలో కంటెంట్ అని మాత్రమే రాస్తే, భద్రత కోసం ట్యాగులను మామూలు అక్షరాలుగా మార్చి చూపిస్తుంది. కంటెంట్ పక్కన నిలువు గీత, ఆ పక్కన సేఫ్ అనే మాట చేర్చండి, సరిపోతుంది. సేఫ్ అనేది మీరు రాసిన దానికే వాడండి. బయటివాళ్లు ఫారంలో నింపి పంపిన దానికి వాడితే సైట్‌లోకి హానికరమైన కోడ్ చొరబడే దారి ఇచ్చినట్టే.

పేజీ పైన హైఫన్లూ, టైటిలూ అలాగే బయటికి కనిపిస్తున్నాయి.

ఆ మూడు హైఫన్లు ఫైలులో మొట్టమొదటి లైనులోనే ఉండాలి. పైన ఒక ఖాళీ లైను ఉన్నా, మూడుకు బదులు నాలుగు హైఫన్లు పడినా జనరేటర్ దాన్ని మామూలు రాతగానే చూస్తుంది. వర్డ్ నుంచి తెచ్చి పేస్ట్ చేస్తే హైఫన్లు పొడవాటి గీతలుగా మారిపోయి ఉండవచ్చు. చెరిపేసి కీబోర్డ్ మీద కొట్టండి.

ఏది విడి భాగం చేయాలి, ఏది వద్దు?

ఒకే ముక్క మూడోసారి పేస్ట్ చేస్తున్నారంటే దాన్ని విడి ఫైలు చేయండి. ఒక్క పేజీలోనే కనిపించేదాన్ని, ఎప్పుడో పనికొస్తుందని ముందే విడగొట్టకండి. అలా చేస్తే చిన్న మార్పుకు కూడా ఆరు ఫైళ్లు తెరవాల్సి వస్తుంది. హెడర్, ఫుటర్, కార్డు, బేస్ ఉంటే చిన్న సైట్ ఏళ్ల తరబడి హాయిగా నడుస్తుంది.

కార్డు ఒకటే, చీరలు నలభై. వివరాలు ఎక్కడ రాయాలి?

అండర్‌స్కోర్ డేటా అనే ఫోల్డర్‌లో, వివరాలను జాబితాగా రాసుకునే జేసన్ ఫైలు ఒకటి పెట్టి, ఒక్కో చీరకు పేరు, ధర, ఫొటో ఫైలు పేరు, ఉందా అమ్ముడైందా అన్నది రాయండి. పేజీలో ఒక్క లూప్ రాస్తే జాబితాలో ఎన్ని చీరలుంటే అన్ని కార్డులు వస్తాయి. ధరను కామాలు, రూపాయి గుర్తు లేకుండా 12500 అని ఉత్త సంఖ్యగా రాయండి. అప్పుడే తక్కువ ధర నుంచి ఎక్కువకు పేర్చడం కుదురుతుంది. చూపించేటప్పుడు జావాస్క్రిప్ట్ సంఖ్యల ఫార్మాట్‌కు భారతీయ పద్ధతి అని చెబితే 1,25,000 అని మన లక్షల లెక్కలోనే కామాలు పెడుతుంది.

జేసన్ ఫైలులో ఏదో చేర్చాను, సైట్ మొత్తం ఆగిపోయింది.

చివరి చీర తర్వాత కామా మిగిలిందేమో చూడండి. జేసన్‌లో అది తప్పు. రెండోది, వాట్సాప్ నుంచో వర్డ్ నుంచో పేస్ట్ చేసినప్పుడు వంపు తిరిగిన కోట్ గుర్తులు వచ్చేస్తాయి, నిటారు కోట్ గుర్తులే పనిచేస్తాయి. ఎర్రర్ మెసేజ్‌లో లైను నంబర్ ఉంటే ఆ లైనూ, దాని పై లైనూ చూడండి. తప్పు ఎక్కువగా పై లైను చివరే దొరుకుతుంది.

కార్డుకు రాసిన స్టైల్ ఫుటర్‌ను పాడుచేస్తోంది.

పేరా ట్యాగుకో, లింకు ట్యాగుకో నేరుగా స్టైల్ రాసి ఉంటారు. అది సైట్‌లోని అన్ని పేరాలకూ, లింకులకూ వర్తిస్తుంది. ప్రతి భాగానికీ సొంత క్లాసు పేరు ఇవ్వండి. కార్డు, కార్డు-పేరు, కార్డు-ధర అన్నట్టు మొదటి మాట ఆ భాగం పేరే అయితే దేని స్టైల్ దానికే ఉంటుంది.

మొదటి పేజీ బాగుంది. లోపలి పేజీల్లో స్టైలూ బొమ్మలూ పోయాయి.

హెడర్‌లో దారులు పేజీ ఉన్న చోటు నుంచి లెక్కపెట్టేలా రాసి ఉంటారు. మొదటి పేజీ నుంచి బొమ్మల ఫోల్డర్ పక్కనే ఉంటుంది, చీరల ఫోల్డర్‌లోని పేజీకి అది ఒక మెట్టు పైన ఉంటుంది. దారిని స్లాష్‌తో మొదలుపెడితే ఏ పేజీ నుంచైనా సైట్ మొదలు నుంచే వెతుకుతుంది. సైట్లను ఉచితంగా పెట్టుకునే గిట్‌హబ్ పేజెస్‌లో సైట్ చిరునామా చివర ప్రాజెక్ట్ పేరు ఉంటే మాత్రం ఆ స్లాష్ కూడా తప్పుదారి పట్టిస్తుంది. అప్పుడు ఎలెవెంటీ సెట్టింగ్స్‌లో పాత్ ప్రిఫిక్స్‌గా ఆ పేరు ఇచ్చి, లింకులకు యూఆర్‌ఎల్ ఫిల్టర్ వాడాలి.

ఏ జనరేటర్ లేకుండా బ్రౌజర్‌లోనే కాంపొనెంట్లు చేయలేమా?

చేయొచ్చు. కస్టమ్ ఎలిమెంట్స్ అని మీరే కొత్త ట్యాగు తయారుచేసుకోవచ్చు. దాని పేరులో కనీసం ఒక హైఫన్ ఉండాలన్నది నియమం. ఇబ్బంది ఏంటంటే, ఆ భాగం జావాస్క్రిప్ట్ వచ్చి నడిచాకే కనిపిస్తుంది. నెట్ తడబడి ఆ ఫైలు రాకపోతే మెనూ ఉండదు, ఫోన్ నంబర్ ఉండదు. అందుకని హెడర్, ఫుటర్‌లకు దీన్ని నేను సిఫారసు చేయను. ఫొటోలు పక్కకు జరిపే గ్యాలరీ లాంటివాటికి బాగుంటుంది.

## తెలుగు అక్షరాల దగ్గర

తెలుగు రాస్తే ప్రశ్న గుర్తులో, పిచ్చి అక్షరాలో వస్తున్నాయి.

ఈ రెండూ వేరువేరు జబ్బులు. వింత లాటిన్ అక్షరాలు వస్తే మీ రాత భద్రంగానే ఉంది, బ్రౌజర్ దాన్ని తప్పుగా చదువుతోంది. హెడ్ భాగం మొదట్లోనే క్యారెక్టర్ సెట్ యూటీఎఫ్-8 అని చెప్పే మెటా ట్యాగు పెట్టండి, సరిపోతుంది. అన్నీ ప్రశ్న గుర్తులే వస్తే, ముందు ఆ ఫైలునే ఎడిటర్‌లో తెరిచి చూడండి. అక్కడా అవే ఉంటే సేవ్ చేసినప్పుడే తెలుగు పోయింది, తిరిగి రాదు. పాత నోట్‌ప్యాడ్ తెలుగు పట్టని ఆన్సీ పద్ధతిలో సేవ్ చేయడం వల్ల ఇలా జరుగుతుంది. విండోస్ 10లో 2019 నాటి 1903 వెర్షన్ నుంచి నోట్‌ప్యాడ్ యూటీఎఫ్-8 లోనే సేవ్ చేస్తోంది. అంతకుముందు కంప్యూటర్ అయితే సేవ్ యాజ్‌లో ఎన్‌కోడింగ్ మీరే ఎంచుకోవాలి.

డీటీపీ వాళ్లిచ్చిన తెలుగు ఫైలును పేజీలో పేస్ట్ చేస్తే అర్థంకాని అక్షరాలు వస్తున్నాయి.

అది అను ఫాంట్ల లాంటి పాత పద్ధతిలో టైప్ చేసిన ఫైలు అయి ఉంటుంది. అందులో నిజానికి ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. ఆ ఫాంటు వాటికి తెలుగు రూపం తొడుగుతుంది. ఫాంటు లేని చోట అసలు సరుకు బయటపడుతుంది. అన్ని భాషల అక్షరాలకూ నంబర్లిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు సొంత చోటు ఉంది, వెబ్‌లో రాత అందులోనే ఉండాలి. అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు దొరుకుతాయి. మార్చాక ఒత్తులు, అరుదైన సంయుక్తాక్షరాలు ఒక్కొక్కటీ చూసుకోండి. దాన్ని ఫొటో తీసి పెట్టేద్దామని కొందరు అడుగుతారు. దయచేసి అలా చేయకండి. బొమ్మలోని రాత గూగుల్‌లో సరిగా దొరకదు, చూపు లేనివాళ్లకు స్క్రీన్ రీడర్ చదివి వినిపించలేదు.

పైన గుడులు, కింద ఒత్తులు తెగిపోయి కనిపిస్తున్నాయి.

ఇంగ్లిష్ కోసం చేసిన డిజైన్లలో లైన్ల మధ్య ఎడం తక్కువ. స్త్రీ, రాష్ట్రీయ లాంటి మాటలకు పైనా కిందా చోటు కావాలి. లైన్ హైట్ 1.6 నుంచి 1.8 మధ్య పెట్టి చూడండి. బటన్లలో, మెనూలో కూడా తెగితే ఆ పెట్టెకు ఇచ్చిన కచ్చితమైన ఎత్తు తీసేసి, పైనా కిందా ప్యాడింగ్ ఇవ్వండి.

ఏ తెలుగు ఫాంటు వాడాలి?

చదవడానికి నోటో సాన్స్ తెలుగు గానీ మండలి గానీ బాగుంటాయి. పెద్ద శీర్షికలకు రామభద్ర నిండుగా కనిపిస్తుంది. ఇవి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. ఒక్కో తెలుగు ఫాంటు ఇంగ్లిష్ ఫాంటు కంటే బరువు, కాబట్టి రెండుకు మించి పెట్టకండి.

తెలుగు టైపింగ్‌కు వేరే సాఫ్ట్‌వేర్ కావాలా?

అక్కర్లేదు. విండోస్ 10, 11 లలో లాంగ్వేజ్ సెట్టింగ్స్‌కు వెళ్లి తెలుగు చేర్చుకుని, ఫొనెటిక్ కీబోర్డ్ ఎంచుకోండి. విండోస్ మీట, స్పేస్ బార్ కలిపి నొక్కితే ఇంగ్లిష్‌కూ తెలుగుకూ మారుతుంటుంది.

## ఫొటోల దగ్గర

పేజీ తెరుచుకోవడానికి చాలాసేపు పడుతోంది.

ఫోన్ ఫొటో ఒక్కొక్కటి 3 నుంచి 5 ఎంబీ ఉంటుంది. అలాంటివి నలభై పెడితే పేజీ కదలదు. కార్డులో ఫొటో 400 పిక్సెల్స్ వెడల్పులో కనిపిస్తుంటే 800 వెడల్పుకు తగ్గించి వెబ్‌పీ ఫార్మాట్‌లో సేవ్ చేయండి. చాలా ఫొటోలు 100 కేబీ చుట్టుపక్కలకు వచ్చేస్తాయి. బొమ్మ ట్యాగులో వెడల్పు, ఎత్తు రాస్తే పేజీ తెరుచుకునేటప్పుడు రాత ఎగిరెగిరి పడదు.

వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలు మసకగా ఉన్నాయి.

మామూలుగా పంపితే వాట్సాప్ ఫొటోను కుదించేస్తుంది. జరీ అంచు, బుటా స్పష్టంగా కనిపించాల్సిన చోట అది పనికిరాదు. డాక్యుమెంట్‌గా పంపమని చెప్పండి, అసలు ఫైలు అలాగే వస్తుంది.

ఐఫోన్ ఫొటోలు సైట్‌లో కనిపించడం లేదు.

2017 నుంచి ఐఫోన్లు ఫొటోలను హెచ్‌ఈఐసీ ఫార్మాట్‌లో తీస్తున్నాయి, క్రోమ్ దాన్ని చూపించదు. జేపెగ్‌కు మార్చి పెట్టండి. ఫోన్ కెమెరా సెట్టింగ్స్‌లో ఫార్మాట్స్ దగ్గర మోస్ట్ కంపాటిబుల్ ఎంచుకుంటే ఇకపై జేపెగ్‌లోనే వస్తాయి.

## కంప్యూటర్ మొండికేసినప్పుడు

మార్పు చేసి సేవ్ చేశాను. బ్రౌజర్‌లో పాతదే వస్తోంది.

కంట్రోల్, ఎఫ్5 కలిపి నొక్కండి. అయినా రాకపోతే కోడ్ తిరగరాయకండి, ముందు మీరు మార్చిన ఫైలూ బ్రౌజర్ చూపిస్తున్న ఫైలూ ఒకటేనా అని తేల్చుకోండి. శీర్షికలో ఒక అక్షరం మార్చి సేవ్ చేసి చూడండి. అదీ మారకపోతే మీరు డౌన్‌లోడ్స్‌లోని ఇంకో కాపీని దిద్దుతున్నారు, లేదా జనరేటర్ ఎర్రర్‌తో ఆగిపోయి ఉంది. శీర్షిక మారి స్టైల్ మారకపోతే అది దాచుకున్న పాత సీఎస్‌ఎస్. ఎఫ్12 నొక్కి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో డిజేబుల్ క్యాష్ టిక్ పెట్టి, ఆ ప్యానెల్ తెరిచే ఉంచి పనిచేసుకోండి.

ఫైలు తెరిస్తే పేజీ రావడం లేదు, కోడే కనిపిస్తోంది.

ఫైలు పేరు చివర హెచ్‌టీఎమ్‌ఎల్ తర్వాత టీఎక్స్‌టీ కూడా ఉండి ఉంటుంది. విండోస్ ఆ తోకను దాచిపెడుతుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూ మెనూకు వెళ్లి ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ టిక్ పెట్టి, రీనేమ్ చేయండి. ఆ టిక్ ఎప్పటికీ అలాగే ఉంచండి.

ఎన్‌పీఎమ్ కమాండ్ కొడితే స్క్రిప్టులు డిజేబుల్ అయ్యాయని ఎర్రటి అక్షరాలు వస్తున్నాయి.

టెన్షన్ వద్దు, నోడ్ పాడవలేదు. ఎన్‌పీఎమ్ అంటే నోడ్‌తో పాటే వచ్చే, కావలసిన ప్యాకేజీలు తెచ్చే సాధనం. ఆ ఎర్రర్ విండోస్‌లో కమాండ్లు కొట్టే పవర్‌షెల్ పెట్టిన కాపలా నియమం. అదే కమాండ్‌ను కమాండ్ ప్రాంప్ట్‌లో కొట్టండి, నడుస్తుంది. విజువల్ స్టూడియో కోడ్ టెర్మినల్‌లోనూ ప్లస్ పక్కనున్న బాణం నొక్కి కమాండ్ ప్రాంప్ట్‌కు మారవచ్చు.

ఏ సైట్ తెరిచినా మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు అంటోంది.

కింద మూల తేదీ చూడండి. పాత డెస్క్‌టాప్‌లో మదర్‌బోర్డ్ మీది బిళ్ల బ్యాటరీ అయిపోతే, కరెంటు పోయినప్పుడల్లా తేదీ ఏళ్ల వెనక్కి వెళ్లిపోతుంది. సైట్ల సర్టిఫికెట్లకు గడువు తేదీలుంటాయి కాబట్టి బ్రౌజర్ వాటిని నమ్మదు. తేదీ సరిచేస్తే వెంటనే తెరుచుకుంటాయి. రోజూ ఇదే తంతు అయితే బ్యాటరీ మార్చండి, చాలా డెస్క్‌టాప్‌లలో ఉండేది సీఆర్2032, ఖరీదు తక్కువే. తేదీ సరిగ్గానే ఉండి ఒక్క సైట్‌కే ఈ హెచ్చరిక వస్తుంటే, పట్టించుకోకుండా ముందుకు వెళ్లకండి.

జిరాక్స్ షాపులో పెట్టి తెచ్చాక పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లు అయిపోయాయి.

ఫైళ్లు పోలేదు, వైరస్ వాటిని దాచింది. ఆ షార్ట్‌కట్‌ల మీద క్లిక్ చేయకండి, చేస్తే మీ కంప్యూటర్‌కూ ఎక్కుతుంది. ముందు యాంటీవైరస్‌తో స్కాన్ చేయండి. తర్వాత ఫోల్డర్ ఆప్షన్స్‌లో హిడెన్ ఫైల్స్ చూపించమని చెప్పి, ప్రొటెక్టెడ్ ఆపరేటింగ్ సిస్టమ్ ఫైల్స్ దాచే టిక్ తీసేయండి. అసలు ఫోల్డర్లు బయటపడతాయి. కావలసినవి కాపీ చేసుకుని పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేసేయండి. ప్రింట్ కోసమైతే ఇకపై పీడీఎఫ్ ఒక్కటే ఉన్న వేరే పెన్‌డ్రైవ్ తీసుకెళ్లండి.

వన్‌డ్రైవ్‌లో ప్రాజెక్ట్ పెట్టాను, కంప్యూటర్ నత్తనడక నడుస్తోంది.

ఎన్‌పీఎమ్ తెచ్చిపెట్టే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌లో వేల చిన్న ఫైళ్లుంటాయి. వన్‌డ్రైవ్ వాటన్నిటినీ పైకి పంపే పనిలో పడుతుంది. ప్రాజెక్ట్‌ను సీ డ్రైవ్‌లో ఒక మామూలు ఫోల్డర్‌కు మార్చండి, బ్యాకప్‌కు, ఫైళ్ల మార్పులను దశలవారీగా దాచే గిట్ వాడండి. నోడ్ మాడ్యూల్స్ బ్యాకప్ అవసరం లేదు, ఒక్క ఇన్‌స్టాల్ కమాండ్‌తో మళ్లీ వస్తుంది.

కరెంటు పోయి రాసిందంతా పోయింది. ఇలా మళ్లీ జరగకుండా ఏం చేయాలి?

విజువల్ స్టూడియో కోడ్ ఫైల్ మెనూలో ఆటో సేవ్ టిక్ పెట్టండి. ఒక పని పూర్తయినప్పుడల్లా గిట్‌లో కమిట్ చేసి, అంటే ఆ దశను భద్రపరిచి, బయటి సర్వర్‌కు పంపండి. డెస్క్‌టాప్ అయితే చిన్న యూపీఎస్ పెట్టుకోండి.

## సైట్‌ను నెట్‌లో పెట్టేటప్పుడు

ఉచితంగా ఎక్కడ పెట్టవచ్చు?

గిట్‌హబ్ పేజెస్, నెట్లిఫై, క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్‌లలో స్టాటిక్ సైట్లకు ఉచిత ప్లాన్లున్నాయి. బడి, గ్రంథాలయం, సొంత పరిచయం లాంటివాటికి గిట్‌హబ్ పేజెస్ బాగా సరిపోతుంది, సైట్ 1 జీబీ దాటకూడదు. ఆన్‌లైన్ వ్యాపారం నడపడానికి దాన్ని వాడకూడదని వాళ్ల నిబంధనల్లోనే ఉంది. చీరలు అమ్మే సైట్ అయితే మిగతావాటి నిబంధనలు చదివి ఎంచుకోండి.

నా కంప్యూటర్‌లో బొమ్మలన్నీ కనిపిస్తున్నాయి. నెట్‌లో పెట్టాక కొన్ని లేవు.

ఫైలు పేరులో పెద్ద, చిన్న ఇంగ్లిష్ అక్షరాలు చూడండి. విండోస్‌కు పెద్ద ఎస్, చిన్న ఎస్ ఒకటే. ఎక్కువ సర్వర్లు నడిచే లైనక్స్‌కు అవి వేరువేరు. కెమెరా జేపీజీ అని పెద్ద అక్షరాల్లో పెట్టిన తోకను మీరు కోడ్‌లో చిన్న అక్షరాల్లో రాస్తే అక్కడ దొరకదు. ఫైలు పేర్లన్నీ చిన్న అక్షరాల్లో, ఖాళీలు లేకుండా, మధ్యలో హైఫన్‌తో పెట్టడం అలవాటు చేసుకోండి.

డొమైన్, అంటే సైట్ పేరు, కొని కలిపాను. నాకు కనిపించడం లేదు, మా అన్నయ్యకు కనిపిస్తోంది.

పాత చిరునామాను మీ నెట్ కంపెనీ ఇంకా గుర్తుపెట్టుకుని ఉంది. డొమైన్ వివరాలు ఎక్కడ ఉన్నాయో చెప్పే నేమ్ సర్వర్లు మార్చినప్పుడు అందరికీ చేరడానికి 48 గంటల వరకు పట్టవచ్చు. వైఫై ఆపి మొబైల్ డేటాలో తెరిచి చూడండి. అక్కడ వస్తే సెట్టింగ్స్ సరిగ్గానే ఉన్నట్టు, వాటిని మళ్లీ కెలకకండి.

డొమైన్ మా సైట్ చేసిన అబ్బాయి కొన్నాడు. ఇబ్బందేమైనా ఉందా?

ఉంది. డొమైన్ ఎవరి ఖాతాలో ఉంటే సైట్ పేరు వాళ్ల చేతిలో ఉన్నట్టే. ఆ అబ్బాయి మంచివాడే కావచ్చు, కానీ ఉద్యోగం మారి ఊరు వెళ్లాక రెన్యువల్ గుర్తుచేసే ఈమెయిల్ అతనికే పోతుంది. గడువు దాటితే ఆ పేరు ఇంకెవరైనా కొనుక్కోవచ్చు. డొమైన్లు అమ్మే రిజిస్ట్రార్ దగ్గర షాపు ఈమెయిల్‌తో ఖాతా తెరిచి, డొమైన్‌ను అందులోకి మార్పించుకోండి. ఆటో రెన్యువల్ పెట్టి, కార్డు గడువు ముగిసినప్పుడు కొత్త కార్డు వివరాలు చేర్చండి. హోస్టింగ్, గిట్ ఖాతాల పాస్‌వర్డ్లు కూడా షాపు యజమాని దగ్గర ఉండాలి.